కిటికీ వేసెయ్

"బామ్మగారూ, లోపల మాట్లాడకూడదండీ!"

అద్దం ఇవతల నుంచి షుంసుకే మైకులో అన్నాడు.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఇసోనోగారు ఉలిక్కిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏదో అడిగినట్టనిపిస్తే జవాబు చెప్పాను నాయనా."

జపాన్‌లో, కనజావా ఊళ్ళోని ఆ ల్యాబులో షుంసుకే కంప్యూటరు చేత మనిషిలా మాట్లాడిస్తున్నాడు. ఎప్పుడో ల్యాబులోనే చేసిన పాత రికార్డింగులోని ఒక మగగొంతును విడదీసి మళ్ళీ కూర్చాడు. దాని పేరు ల్యాబులో 'నాలుగో గొంతు'. విన్నవాళ్ళు ఒక్కో మాటకూ ఐదుకి మార్కులు వేయాలి. సాయంత్రంలోగా అవి పంపకపోతే అతని ఏడాది కష్టం గంగపాలే.

"కిటికీ వేసెయ్, జల్లు కొడుతోంది" అంది గొంతు.

ఇసోనోగారు గబుక్కున లేచి నిలబడింది!

ఏం ఖర్మరా బాబూ అనుకున్నాడు షుంసుకే.

"అక్కడ కిటికీ లేదండీ. కూర్చోండి."

"అవునవును. కాళ్ళే లేచిపోయాయి" అని నవ్వింది.

చివర్లో మార్కులు చూశాడు. అన్నీ ఐదులే. దోమలా గుయ్యిమనే ముక్కకీ ఐదే! శ్రద్ధగా విననివాళ్ళను పట్టుకోవడానికి కావాలనే పాడుచేసి పెట్టిన ముక్క అది. దానికి మంచి మార్కు వేస్తే ఆ మనిషి మార్కులన్నీ తీసేస్తారు.

"ఇది కూడా బాగుందా బామ్మగారూ?"

"కాస్త జలుబు చేసినట్టుంది, పాపం. అయినా బాగానే ఉంది."

తెచ్చిన కమలాపండ్లు బల్లమీద పెట్టి, సంచి మడుస్తూ నసిగింది.

"ఆ కిటికీ మాట ఇంకొక్కసారి వినిపిస్తావా?"

"ఎవరికైనా ఒక్కసారేనండీ. రూలు. బయట ఇంకా జనం ఉన్నారు."

"అలాగా. నీ పనికి అడ్డం రానులే."

వంగి నమస్కరించింది. తలుపు దగ్గర ఆగి, ఖాళీ గదివైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

షుంసుకే ఆవిడ మార్కులు తీసేశాడు. పండు ఒలుచుకున్నాడు. తియ్యగా ఉంది.

అంతలో ప్రొఫెసర్ ఉరాబే మీటింగులోంచి పరుగున వచ్చాడు.

"ఇసోనోగారు వచ్చారా? నేనే రమ్మన్నాను."

"వచ్చి వెళ్ళారు సార్. ఆవిడ మార్కులు పనికిరావు."

"మార్కులెవడడిగాడయ్యా! కావలసినన్నిసార్లు వినిపించావా లేదా? దానికోసమే పొద్దున్నే అంత దూరాన నోతోలో బస్సెక్కి వచ్చింది!"

షుంసుకే వానలో గొడుగైనా తీసుకోకుండా బస్టాపుకి పరుగెత్తాడు. బస్సు మలుపు తిరిగిపోయింది.

తడిసి ముద్దై తిరిగొచ్చాడు.

"ఎవరు సార్ ఆవిడ?"

ఉరాబే కుర్చీలో కూలబడ్డాడు.

"నోతో భూకంపంలో ఇల్లు పోయింది. క్యాసెట్లు, వీడియోలు ఒక్కటీ మిగల్లేదు. రేపు ఎక్కడో ఉత్తరాన హొక్కైడోలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. రికార్డింగు బయటికివ్వకూడదు కదా, అందుకే ఇక్కడికి రమ్మన్నాను."

"ఏ రికార్డింగు సార్?"

"నువ్వు నాలుగో గొంతు అంటున్నావే, అది చనిపోయిన వాళ్ళాయన గొంతయ్యా."