మిగిలిన ఒక్కరు

ఊరి దవాఖానాలకు ఉచితంగా ఇచ్చే ఆ సాఫ్ట్‌వేర్ ఒకేసారి ఎంతమందిని మోయగలదో ఏడాదికోసారి పరీక్షిస్తారు. దవాఖానాలు మూసిన రాత్రి పదివేలమంది ఉత్తుత్తి మనుషులను అందులోకి వదులుతారు. వాళ్లకు పేర్లుండవు, నంబర్లే. ఏటా ఆ పని చేసే వెంకన్న చనిపోవడంతో, ఈసారి అది బూర్గంపాడులో కిరాయి గదిలో ఒంటరిగా ఉండే ప్రమీల మీద పడింది.

ఒంటిగంటకు పరీక్ష ఆపింది. లోపలున్నవాళ్ల లెక్క సున్నాకు దిగాలి. ఒకటి దగ్గర ఆగిపోయింది. దానికి నంబరు లేదు. వెంకన్న అని పేరుంది.

ఖమ్మంలో ఉండి అదే సాఫ్ట్‌వేర్ చూసుకునే కుమారస్వామికి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

"అన్నా, వెంకన్న సార్ పేరు మీద ఎవరో లోపలున్నరు."

"ఏందమ్మా గట్లంటవ్? ఆయన లాప్‌టాప్ నీ దగ్గరే ఉంది గదా. ఆన్ చేసినవా?"

"లేదన్నా. బ్యాటరీ ఉబ్బిందని నేనే పీకేసిన. బీరువాల పెట్టి తాళమేసిన."

"సరే, బయటికి పంపెయ్."

పంపేసింది. మళ్లీ వచ్చాడు. మళ్లీ పంపింది.

అంతలో కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదించి ఆగింది. అడవి వైపు కీచురాళ్లు కూడా ఊరుకున్నాయి. ఆ నిశ్శబ్దంలో బీరువాలోంచి, ఆగి ఆగి, కీబోర్డు నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"ప్రమీలా, నాకూ కనబడుతున్నది," అన్నాడు కుమారస్వామి. "ఇప్పుడు ఇద్దరున్నరు. నువ్వెందుకు లోపలికి పోయినవ్?"

ప్రమీల చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి.