పేరు లేని చీటీలు

"మీ పేరు, ఊరు ఏవీ రాయమండీ. జబ్బు వివరాలు మాత్రం పరిశోధనకి వాడుకుంటాం," అంది షారోన్. గుంటూరులో నేను డిప్రెషన్‌కి చూపించుకునే ఆసుపత్రిలో ఫారాలు నింపించే అమ్మాయి.

"కుదరదమ్మా, పరువుగల టీచర్ని," అని సంతకం పెట్టకుండా లేచొచ్చాను. నా భార్యకే షుగర్ చెకప్ అని చెప్పొచ్చిన ఘనుణ్ణి మరి!

ఆదివారం మా చర్చిలో ప్రార్థన పెట్టెలో చీటీ వేశాను. ఊళ్లో ముగ్గురు ప్రసన్నకుమార్లం ఉన్నాం. స్వస్థత పొరపాటున ఇంకొకడికి పోకూడదని ఇంటిపేరు, జబ్బు పేరు, డాక్టరు పేరు, మాత్ర ఎన్ని మిల్లీగ్రాములో కూడా రాశాను. చీటీలు మైకులో చదువుతారని చిన్నప్పట్నుంచీ వింటున్న నాకే ఆ పూట గుర్తు రాలేదు.

పాస్టరుగారు మిల్లీగ్రాములతో సహా చదివారు. చర్చి వెనక చేలో మిరపకాయలు కోసేవాళ్లు కూడా కోత ఆపి నా కోసం దణ్ణం పెట్టుకున్నారట.

వారమంతా తలెత్తి నడవలేదు. నా భార్య వేళకి మాత్ర, మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చేది, అంతే.

మళ్లీ ఆదివారం పాస్టరుగారు నన్ను పక్కకి పిలిచి నాలుగు చీటీలు ఇచ్చారు. "మాస్టారూ, వీటికి జవాబు మీరే చెప్పాలి."

నాలుగింటిలోనూ ఒకటే మాట. నాకూ అలాగే ఉంటోంది, ఆ డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చా? ఒక్కదాని మీదా పేరు లేదు.

మూడు చేతిరాతలు నాకు తెలియవు. నాలుగోది మాత్రం ఇరవై ఏళ్లుగా మా ఇంటి సరుకుల చీటీ మీద చూస్తున్నదే.