మూడో గంట

సంఘపెద్ద సోలోఫా కొడుకు మలాకీ శుక్రవారం చేపలకని వెళ్ళి మళ్ళీ రాలేదు.

శనివారమంతా ఊరి పడవలు వెతికాయి. ఆదివారం పొద్దున కుర్రాళ్ళు మళ్ళీ తెడ్లు భుజాన వేసుకుని వస్తే, సోలోఫాయే పడవలకు అడ్డంగా నిలబడ్డాడు.

"ప్రభువు దినాన ఈ ఊరి పడవ నీళ్ళు తాకదు. నా కొడుకు కోసమైనా సరే. నా ఇంటికి పునాది దేవుడు. ఆయన చూసుకుంటాడు."

ఎంత విశ్వాసమో అని ఊరంతా చెప్పుకుంది. ఆ మాట చెవిన పడి, అంత దుఃఖంలోనూ సోలోఫా ఛాతీ కాస్త పొంగింది. పొంగిందంటే పొంగింది, దాచడమెందుకు?

సాయంత్రం మొదటి గంట కొట్టారు. మా ఊళ్ళో గంటంటే కొమ్మకు వేలాడదీసిన పాత గ్యాస్ సిలిండరే. మొదటి గంటకు అందరూ ఇల్లు చేరాలి. రెండో గంటకు ప్రార్థన. మూడో గంట దాకా దారిలో కాకి కూడా నడవకూడదు.

రెండో గంట ఇంకా మోగుతూనే ఉంది. ఇసుకలో పడుతూ లేస్తూ ఒక మనిషి వచ్చాడు.

కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. పెదాలు పగిలిపోయాయి. ఒంటి మీద నడుముకు చుట్టిన పేలిక తప్ప ఏమీ లేదు.

దారికి కాపలా ఉన్న ఫనో కర్ర అడ్డం పెట్టాడు. అతను సోలోఫా తమ్ముడి కొడుకు.

"ఆగరా. గంట వినబడలేదా?"

"పడవ..." గొంతు పెగల్లేదు ఆ మనిషికి. "పడవ కావాలి. తొందరగా."

"పెదనాన్నా, ఎవడో పీకలదాకా తాగొచ్చాడు. ఆదివారం పూట పడవ కావాలట దొరగారికి."

మా దీవిలో ఇళ్ళకు గోడలుండవు. స్తంభాల మధ్య నుంచి సోలోఫాకు అంతా కనబడుతూనే ఉంది. కూర్చున్నచోటు నుంచి కదలకుండానే చెయ్యెత్తాడు.

"కట్టెయ్. మూడో గంట కొట్టాక తేలుద్దాం."

"ఎందుకొచ్చాడో ఒక్క మాట అడగండి," అంది భార్య లోసా.

"ప్రార్థన మధ్యలో లేచే అలవాటు ఈ ఇంట్లో లేదు. కళ్ళు మూసుకో."

ఫనో పెదనాన్న పడవ తాడుతోనే అతన్ని సీమపనస చెట్టుకు కట్టాడు. అతను గింజుకున్నాడు. సముద్రం వైపు తల తిప్పి ఏదో చెప్పబోయాడు. ఫనో నోటి మీద ఒక్కటిచ్చాడు. ఆ తర్వాత మాట రాలేదు.

మామూలుగా పావుగంటలో అయిపోయే ప్రార్థన. ఆ రోజు మలాకీ కోసం కదా, సోలోఫా ఒక పట్టాన ఆపలేదు.

"తండ్రీ, నీవే మా బండ. నీ మీద నిలబడ్డవాణ్ణి ఏ నీళ్ళూ కదపలేవు. నా బిడ్డ జాడ చెప్పడానికి ఒక్క మనిషిని పంపించు. ఒక్కడు చాలు."

చెట్టు దగ్గర ఆ మనిషి మూలిగాడు. సోలోఫా గొంతు పెంచాడు.

మూడో గంట మోగేసరికి పొద్దు వాలిపోయింది. పోటు నిండి అలలు కొబ్బరిచెట్ల దాకా వస్తున్నాయి. సోలోఫా తీరిగ్గా లేచి వచ్చాడు.

"ఏ ఊరురా నీది? ప్రార్థన వేళ ఏమిటీ వేషాలు?"

లోసా కట్లు విప్పించి కొబ్బరినీళ్ళు పట్టింది. నాలుగు గుటకలు దిగాక అతను నోరు విప్పాడు.

"సవాయీ ద్వీపం. పడవ తిరగబడి రెండు రోజులు కొట్టుకొచ్చాను. మీ తీరం కొస అవతల, సముద్రంలో బండ మీద ఒకడు కనబడ్డాడు. కాలు విరిగింది, ఈదలేడు. పొద్దున్నే చెక్క పట్టుకుని అక్కడికి చేరాడట. పగలంతా మీ ఊరి పడవల కోసం చూశాడట."

అతను ఇంకో గుటక మింగాడు.

"'మా నాన్న దగ్గరికి వెళ్ళు, ఒక్క మాట చెబితే పడవలన్నీ దించేస్తాడు' అన్నాడు. ఈదుకుంటూ వచ్చాను."

"నువ్వు బయల్దేరినప్పుడు నీళ్ళు..." అన్నాడు సోలోఫా.

"మోకాలి దాకా వచ్చాయి."

ఫనో పడవ వైపు పరుగెత్తాడు. లోసా ఇసుకలో కూలబడింది.

సోలోఫా మాత్రం కదల్లేదు. పోటు వేళ ఆ బండ మీద నిలువెత్తు నీళ్ళుంటాయని అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఒక్కణ్ణి పంపమని తాను అడగకముందే దేవుడు పంపిన ఆ ఒక్కడి మణికట్ల మీద, తన పడవ తాడు ముద్ర ఎర్రగా తేలి ఉంది.