పుట్టలో పాలు

నాలుగు వానాకాలాలు మట్టి నమిలి నమిలి చెదలమ్మ ఆ పుట్ట కట్టింది. కింది అరల్లో పిల్లల్ని పడుకోబెట్టుకుంది. పై కన్నంలో ఒక ఆడ తాచు వచ్చి చేరగానే ఊరు దానికి పాముపుట్ట అని పేరు పెట్టేసింది. చెదలమ్మ నొచ్చుకోలేదు. ఆ ఊళ్లో ఏ ఇల్లాలి పేరు మాత్రం ఇంటికి ఉంది గనక!

నాగుల చవితి పొద్దున అత్తాకోడళ్లు పాలచెంబుతో వచ్చారు.

"పిల్లలు కావాలని గట్టిగా మొక్కుకో, రాజ్యం. పాలు లోపలికంటా పొయ్యి," అంది అత్త పేరిందేవమ్మ.

మొదటి ధార కింది అరలోకి దిగింది. చెదలమ్మ తాచు ఉన్న కన్నం వైపు పరిగెత్తింది.

"అక్కా! పిల్లల్ని ఇమ్మంటూ నా పిల్లల్నే ముంచేస్తున్నారు! ఆ పాలేవో నువ్వు తాగెయ్యరాదూ?"

"పాము పాలు తాగదని వాళ్లకెవరు చెప్తారే, పిచ్చిదానా," అంటూ తాచు పైకి జరిగి, కన్నానికి తన ఒళ్లు అడ్డంపెట్టి పడగ విప్పింది.

"అమ్మో!" అని కోడలు చెంబు వదిలేసింది. పాలన్నీ బయట గడ్డిలో ఒలికిపోయాయి.

"తల్లే కనబడిందే, అదృష్టవంతురాలివి! చెంపలేసుకో," అంటూ అత్త వణుకుతూనే దండం పెట్టింది. పుట్ట అంచు నుంచి చిటికెడు మన్ను తీసి ఆనవాయితీ ప్రకారం కోడలి చెవులకి పెట్టి, తనూ పెట్టుకుని, వెనక్కి వెనక్కి నడిచింది.

చెదలమ్మ తడిసిన పిల్లల్ని ఒక్కొక్కరినే పొడి అరలోకి మోసుకుపోయింది.

"దండం నీకే పెట్టారక్కా," అంది అలిసిపోయి.

"పెడితే పెట్టారు. చెవులకి పెట్టుకుంది నువ్వు నమిలిన మన్నేగా," అంది తాచు, కన్నం దగ్గర నుంచి కదలకుండా. "వచ్చే చవితికైనా నీ మాట వినబడుతుందేమో చూద్దాం."