మీ వారేరీ?

ఎల్లుండి ఆసుపత్రిలో చేరాలి. అందుకే నడుం పీకుతున్నా, పాదాలు వాచినా, ఆమె పట్టు విడవకుండా ఫొటో స్టూడియో ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుంది. నెలలు నిండిన మనిషి. పెద్ద కోరికేం కాదు. కడుపులో బిడ్డ బయటికి రాకముందే, మొగుడి పక్కన నిలబడి ఒక్క ఫొటో.

మొదటి కాన్పప్పుడూ ఇదే ఆశ. ఆల్బమ్ అయితే దిండంత తయారైంది కానీ ఒక్కదాంట్లోనూ ఆయన లేడు. అన్నిట్లోనూ ఆమె ఒక్కతే, దిక్కులేనిదానిలా నవ్వుతూ. ఈసారి ఆ ఆటలు సాగనివ్వకూడదనుకుంది. పక్కింటావిడ ఫోన్‌లోంచి స్టూడియోకి మెసేజ్ పెట్టింది. “తప్పకుండా రండి సిస్టర్, మీ వారిని మాత్రం మర్చిపోకండి” అని జవాబొచ్చింది. దాని వెనకే బోలెడు పూల బొమ్మలు.

ఈ ఫొటోగ్రాఫరుకి ఊళ్లో ఉన్న పేరు అలాంటిది. కడుపుతో ఉన్న ఆడవాళ్లని ఫొటో ఎవరైనా తీస్తారు. ఇతను వాళ్ల మొగుళ్లకి ప్రేమించడం నేర్పిస్తాడు. ఫొటో కొసరు.

తెర వెనక నుంచి పాఠం వినిపిస్తూనే ఉంది.

“సార్, అది కడుపు. పొయ్యి మీద గిన్నె కాదు. చెయ్యి కాలదు, వెయ్యండి.”

“ఆవిడ కళ్లలోకి చూడండి బాబూ. పరీక్ష పేపర్ చూసినట్టు కాదు!”

“ముందా ఫోన్ ఇటివ్వండి. ఈ గంట మీది కాదు, మీ ఆవిడది.”

బంగారంలాంటి మాటలు. ఎవరైనా వీటిని మా ఆయన చెవిన వేస్తే ఎంత బాగుండు అనుకుంది ఆమె.

పక్క కుర్చీలో ఒక అత్తగారు కూర్చుని ఉంది. కొడుకూ కోడలూ లోపల పాఠం చెప్పించుకుంటున్నారు కాబట్టి ఆవిడకి తీరికే తీరిక.

“చూశావా! మావాడు పెళ్లయిన ఇన్నాళ్లకి పెళ్లాం చెయ్యి పట్టుకున్నాడు. అదీ ఇతను చెబితే. మరి మీ ఆయన రాలేదామ్మా?”

“పనిలో ఉన్నారండీ.”

“సెలవు రోజు కూడానా! అంత పనేంటమ్మా?”

“అందరికీ అందుబాటులో ఉండటమే పని. నాకొక్కదానికే దొరకరు.”

“ఓ పూట ఈ ఫొటోగ్రాఫరు దగ్గరికి పంపు. దెబ్బకి దారికొస్తాడు.”

“రోజూ ఇటే వస్తారండీ. ఏం లాభం!”

అత్తగారు అంతా అర్థమైనట్టు తలూపింది. ఏం అర్థమైందో ఆవిడకే తెలియాలి.

ఇంతలో ఫర్నిచర్ షాపాయన ఓ ఊగుడు కుర్చీని మోసుకుంటూ వచ్చాడు. కొత్త సరుకు, షాపు బోర్డు మీదికి ఫొటో కావాలట. ఫొటోగ్రాఫరుకి స్నేహమంటే ప్రాణం. వీధిలో షాపున్న ప్రతివాడూ అతనికి అన్నో తమ్ముడో అవుతాడు. “నీకంటే ఎవరు ఎక్కువన్నా, తీసుకొచ్చెయ్!” అని లోపల నుంచే కేక. ఆమె వంతు వెనక్కి జరిగింది. కుర్చీ ముందుకెళ్లింది.

ఆ తర్వాత బేకరీ అతను దిగాడు, మూడంతస్తుల కేకుతో. ఆమెని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“అదేంటి వదినా, ఇక్కడ కూర్చున్నారు? లోపల చెప్పమంటారా?”

“వద్దు బాబూ. చెప్పావంటే ఒప్పుకోను. అందరిలాగే నా వంతులో వెళ్తాను.”

అతను అయోమయంగా చూస్తూ కేకుతో లోపలికి పోయాడు. ఆమె తెర సందులోంచి తొంగి చూసింది. ఫొటోగ్రాఫరు కేకు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఈ పక్క నుంచి ఒకటి, ఆ పక్క నుంచి ఒకటి. నీడ పడుతోందని లైటు జరిపాడు. క్రీము కరిగిపోతోందని ఫ్యాను దానివైపు తిప్పాడు. ఆమెకి కేకు మీద అసూయ పుట్టింది. ఇన్ని నెలల్లో తనవైపు ఫ్యాను తిప్పినవాడు లేడు మరి.

ఉండబట్టలేక వరండాలోకి వెళ్లి మొగుడికి ఫోన్ చేసింది. రెండుసార్లు మోగి కట్ అయింది. మామూలే. మామూలే అయినా కళ్లలో నీళ్లు తిరిగాయి. అరచేత్తో తుడుచుకుని వచ్చి మళ్లీ కూర్చుంది.

అత్తగారి సంసారం వెళ్లిపోయింది. కుర్చీ వెళ్లిపోయింది. కేకు కూడా దర్జాగా వెళ్లిపోయింది.

“తర్వాత ఎవరో రండమ్మా!”

ఆమె గోడ పట్టుకుని లేచి లోపలికి నడిచింది. ఫొటోగ్రాఫరు స్టూలెక్కి, ఇటు వీపు పెట్టి, గోడకి నీలం తెర కడుతున్నాడు. నోట్లో క్లిప్పులున్నాయి.

“కూర్చోండమ్మా. మీ వారేరీ?”

“రాలేదు.” ఏడుపు అడ్డుపడి ఆ మాట కూడా సగమే బయటికొచ్చింది.

అతను వెనక్కి తిరిగి చూడలేదు కానీ, కోపం మాత్రం ముంచుకొచ్చింది పాపం. క్లిప్పులు చేతిలోకి తీసుకుని మరీ అందుకున్నాడు.

“ఏం మనిషమ్మా ఆయన! కట్టుకున్నది ఈ స్థితిలో ఉంటే గంటసేపు పక్కన నిలబడలేడా? అలాంటివాడికి పెళ్లెందుకు, పిల్లలెందుకు? ఆయన లేకుండా నేను తీయను. ఇక్కడ పద్ధతే అంత. ఫోన్ చెయ్యండి, నేను మాట్లాడతా. నాలుగు చీవాట్లు పెడితే గానీ ఇలాంటివాళ్లకి బుద్ధి రాదు.”

“మీరు చెబితే వింటారంటారా?”

“ఎందుకు వినడు? ఎంతమందిని దారిలో పెట్టలేదు! మీరు చెయ్యండి.”

ఆమె చేసింది.

ఫొటోగ్రాఫరు జేబులో ఫోను మోగింది, తీసి చూసి “ఆఁ, మా ఆవిడేలెండి” అని ఎప్పటిలాగే కట్ చేసి, తెర కడుతూనే “ఏమంటున్నాడమ్మా మీ ఆయన?” అని అడిగాడు.