ఆరో పేరు

“ఆరుగురెల్లారు బాబూ! ఆరోవోడు నా కొడుకు ఎల్లాజీ!” అని జగ్గమ్మ ఒడ్డున ఎంత మొత్తుకున్నా అధికారి వినలేదు.

“తుపాను వచ్చిన ప్రతిసారీ తల్లులందరూ ఇలాగే అంటారమ్మా. కంప్యూటర్లో ఆ బోటుకి ఐదుగురే ఉన్నారు. ఐదుగురూ దొరికారు.”

వెతకడానికి వెళ్లిన ఓడ వెనక్కి తిరిగింది.

దొరికిన ఐదుగురిలో ఒక్కడికీ స్పృహ లేదు. మర్నాడు వాళ్లలో ముందుగా ఆసుపత్రిలో కళ్లు తెరిచిన లక్ష్ముడు మొదట అడిగిన మాట, “ఎల్లాజీ ఏడి?” అప్పుడు గానీ ఓడ మళ్లీ కదల్లేదు.

మూడోనాడు భోగాపురం వైపు ఒడ్డుకు కొట్టుకొచ్చాడు ఎల్లాజీ. నిన్నటిదాకా ప్రాణం ఉండే ఉంటుందన్నాడు డాక్టరు.

ఊరంతా మత్స్యకారుల సంఘం ఆఫీసు మీద పడింది. వేటకెళ్లినవాళ్ల పేర్లు నమోదు చేసే కంప్యూటర్ ప్రోగ్రాం పైథాన్‌ భాషలో రాసింది తులసి. ఊళ్లో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల. తెర మీద పేరుంటే మనిషి ఇంకా సముద్రంలో ఉన్నట్టు. అటు చూడాలంటేనే జగ్గమ్మకు మొదటినుంచీ గుండె దడ.

“ఏటయిందో సెప్పు,” అన్నాడు సంఘం పెద్ద కూర్మయ్య.

తులసి తెర వైపు వేలు చూపింది. “ఊరి పెట్టెలో బోటు పెట్టె ఉంటాది మావా. బోటు పెట్టెలో మనుషులు. లోపల పేరు రాసేసి ఊరుకుంటే సాలదు. పై పెట్టెని మళ్లీ డిస్కులో పెట్టాల. లేపోతే తెర మీద కనబడతాది గానీ, డిస్కులో ఉండదు. ఎక్కడో... మర్సిపోయినట్టున్నాను.”

“మర్సిపోయావా? కూడు తినడం మర్సిపోయావేటే ఎప్పుడైనా?” జగ్గమ్మ ఆ పిల్ల జుట్టు పట్టుకుంది. “నా కొడుకుని మింగేసినావు కదే!”

ఎవరూ అడ్డు రాలేదు. తులసి ఆమె కాళ్ల మీద పడిపోయింది. “నన్ను సంపెయ్యత్తా!”

సాయంత్రం పెద్దలు కూర్చున్నారు. తులసికి ఆఫీసులో పని లేదు. వాళ్ల నాన్న బోటు ఇక నీళ్లలో దిగకూడదు. ఆ ఇంటికి ఎవరూ నిప్పు కూడా ఇవ్వకూడదు.

“ఇంకేటైనా సెప్పాలా జగ్గమ్మా?” అడిగాడు కూర్మయ్య.

జగ్గమ్మ తల అడ్డంగా ఊపింది.

ఆ రోజు వేటకు బయల్దేరిన బోటు కనుమరుగైన మరుక్షణమే ఆఫీసుకు పరిగెత్తి, తెర మీద కొడుకు పేరు చూడలేక, తిరిగొచ్చినవాళ్ల కోసం ఇంటివాళ్లు నొక్కే ‘ఒడ్డుకు చేరాడు’ మీట నొక్కింది జగ్గమ్మే.