పెద్ద పైపు

"పెద్ద పైపు మా వీధికి. సన్న పైపు వాడకి. ఇంగ దీంట్లో మాట్లాడేదేముండాది?" అన్నాడు సర్పంచి ఓబుళరెడ్డి.

కొత్త షెడ్డు ముందు ఊరంతా నిలబడి ఉంది. ఇటు పెద్ద వీధివాళ్ళు, అటు వాడవాళ్ళు. మధ్యలో గవర్నమెంటు దింపిపోయిన యంత్రం. సముద్రపు నీళ్ళను కూడా తాగే నీళ్ళు చేస్తుందని దానికి పేరు. కొండాపురం దాటాక ఉన్న ఆ ఊళ్ళో సముద్రం లేదుగానీ, ఉప్పుకు మాత్రం కొదవ లేదు. ఎక్కడ బోరు వేసినా ఉప్పే. వీధివాళ్ళకు చిత్రావతి చెలమల నుంచి ఎద్దుల బండ్ల మీద మంచినీళ్ళు వస్తాయి. వాడకు బండ్లెక్కడివి? ఆ ఉప్పునీళ్ళే గతి.

యంత్రం నుంచి రెండు పైపులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒకటి ముంజేయంత లావు. ఇంకోటి వేలంత. రెండెందుకని ఎవరూ అడగలేదు. ఎందుకడుగుతారు? ఆ ఊళ్ళో హోటల్లో గ్లాసులు రెండు రకాలు, బావులు రెండు, శ్మశానాలు రెండు. యంత్రం చేసినవాడికి కూడా ఆ మాత్రం మర్యాద తెలిసే ఉంటుందనుకున్నారు.

వాడవాళ్ళలోంచి గోవిందమ్మ ముందుకొచ్చింది. ఆమె చంకలో ఆరేళ్ళ మనవరాలు. పిల్ల మోకాళ్ళు వంకర తిరిగాయి, నాలుగడుగులు వేయలేదు. ఆ ఉప్పునీళ్ళల్లోని ఫ్లోరైడు వల్లేనని, తాగే నీళ్ళు మార్చకపోతే ఏ మందూ పనిచేయదని జమ్మలమడుగు డాక్టరు తేల్చి చెప్పాడు.

"రెడ్డీ, ఇన్ని కొంపలకు ఆ యేలంత పైపు ఏం చాల్తాది? పెద్దదాంట్లో సగం మాకిడువు. ఈ బిడ్డ కాళ్ళు చూడు."

"కాళ్ళు చూస్తే పైపు లావైతాదా? పో పో."

వాడ మగవాళ్ళు రెండడుగులు ముందుకు జరిగారు. రెడ్డి మనుషులు గోడకు ఆనించిన కర్రలు అందుకున్నారు.

యంత్రం బిగించడానికి వచ్చిన ఇంజనీరు కోదండపాణి కర్రల్ని చూశాడు. ప్రొద్దుటూరులో పూజారిగారి అబ్బాయి, ఉద్యోగానికి కొత్త. ఊళ్ళో గొడవైతే యంత్రం విప్పి దువ్వూరికి తరలించమని పైవాళ్ళు ముందే చెప్పి పంపారు. గబగబా మధ్యలోకి వచ్చాడు.

"రెడ్డిగారూ, ఒక్కమాట వినండి. ఈ రెండు పైపులూ పంచుకోవడానికి..."

"సామీ, మీరు మిషన్ చూసుకోండి. ఊరు మేం చూసుకుంటాం."

"అది కాదండీ, పెద్ద పైపు అసలు..."

"అసలూ లేదు, వడ్డీ లేదు. ఈడ ఏది యాడుండాల్నో ప్రొద్దుటూరోళ్ళు మీకేం తెల్సు? ఇంగొక్క మాట మాట్లాడితే ఈ మిషనే మాకొద్దు. విప్పుకొని పోండి."

ఆ మాట గోవిందమ్మ వింది. పంతానికి పోతే ఉన్నదీ ఊరు దాటి పోతుంది. వెనక్కి తిరిగి మగవాళ్ళకు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండండప్పా. ఆ సన్నదన్నా రానీ. నా బిడ్డకు గుక్కెడన్నా దొరుకుతాది" అంది. అంటూనే భోరుమంది.

కోదండపాణి ఆ పిల్ల కాళ్ళవైపు చాలాసేపు చూశాడు. ఆ తర్వాత రెడ్డివైపు తిరిగాడు. ఈసారి అతని గొంతులో తొందర లేదు.

"సరేనండీ. మీరు చెప్పినట్టే బిగిస్తాను. రేపు మార్చమంటే మాత్రం కుదరదు."

"ఎవురడుగుతారు మార్చమని? ఈ వాడోళ్ళు ఆఫీసుల సుట్టూ తిరిగినా మార్చేదానికి లేకుండా సిమెంటు పోసెయ్యండి."

"అందరి ముందూ అంటున్నారు."

"ఓబుళరెడ్డి మాట సామీ ఇది. పొయ్యండి."

పోశాడు. దగ్గరుండి మరీ పోయించాడు.

సిమెంటు ఆరేదాకా వాడలో ఎవరికీ అన్నం సహించలేదు. పెద్ద వీధిలో మాత్రం తోరణాలు కట్టారు. డప్పులు కొట్టడానికి వాడవాళ్ళకే కబురు పెట్టారు. సిగ్గన్నది ఉంటే కదా.

మోటారు వేసిన పొద్దున షెడ్డు రేకులు అదిరిపోయాయి. పెద్ద పైపులోంచి నీళ్ళు దబదబా దూకాయి. వీధి ఆడవాళ్ళు బిందెల మీద బిందెలు పట్టారు. అవతల సన్న పైపులో కాసేపు ఏమీ రాలేదు. గోవిందమ్మ పైపు మూతికి చెయ్యి పెట్టి చూసింది. అంతలో పురికొసంత ధార మొదలైంది.

"వాడోళ్ళ బిందె నిండేటప్పటికి మల్లా తెల్లారతాది" అని ఎవరో అంటే వీధంతా గొల్లుమంది.

రెడ్డి భార్య యశోదమ్మ చెంబుకు పసుపు రాసి, నిండా నీళ్ళు పట్టి మొగుడికి అందించింది. ముందు ఆయన తాగాలి, ఆ తర్వాతే మిగతావాళ్ళు. ఇంకో గ్లాసు ఇంజనీరు ముందు పెట్టింది.

"తాగండి సామీ. మీ చలవతోనే కదా మాకు ఇన్ని నీళ్ళు."

కోదండపాణి ఆమెకు దండం పెట్టాడు. గ్లాసు ముట్టుకోలేదు. ఆ బిందెలన్నీ దాటుకుని వాడవైపు నడిచాడు. సన్న పైపు కింద దోసిలి పట్టి ముందు పిల్లకు తాగించాడు. మళ్ళీ పట్టి తను తాగాడు. పూజారి కొడుకు వాడ పైపు దగ్గర నీళ్ళు తాగుతుంటే వీధివాళ్ళు బిందెలు వదిలేసి వింత చూశారు.

"ఇంత మంచి పైపు పెట్టుకొని ఆడికి పోయి తాగుతాండాడు సూడు, యెర్రి సామి" అని ఓబుళరెడ్డి పగలబడి నవ్వి, చెంబెత్తి గటగటా నోట్లో పోసుకున్నాడు.

మంచినీళ్ళను సన్న పైపులో వదిలి, బోరులోని ఉప్పునంతా పెద్ద పైపులో వాగుకు పారబోయడమే ఆ యంత్రం చేసే పని.